ఇప్పచెట్టు కింద గుంట నాది

జగర్గుండాలో, కూలిపోయిన షావుకార్ల ఇంటి వెనక, ఇప్పచెట్టు కింద గుంట తవ్వింది నేను. దాన్ని పూడ్చకుండా కట్టెలు పరిచి ఆకులు కప్పింది నేను. ఆ ఆకుల మీద అడుగు పెట్టి లక్మే అందులో పడింది. గుంట తవ్వాడని సోమారు ఎనిమిది నెలలుగా జైల్లో ఉన్నాడు. సోమారు దాన్ని పూడ్చమన్నవాడు. నేను పూడ్చనివాణ్ణి. నేను బయట తిరుగుతున్నాను, చాయ్ తాగుతున్నాను, సీసాలు కడుగుతున్నాను.

ఇది రాస్తున్నది ఉమామహేశ్. వయసు ఇరవై ఆరు. ఉండేది కొంట. పని భీమశంకరం షావుకారు గారి కబాడీ కొట్టులో: పాత ఇనుము, రద్దీ అనే చిత్తుకాగితం, సీసాలు. ఎనిమిదో తరగతితో బడి మానేశాను. తర్వాత చదివిందంతా కొట్టుకు తూకానికి వచ్చిన రద్దీలోదే. ఎవరెవరి తాతల వీలునామాలో, అమ్మకం దస్తావేజులో కట్టలుగా వచ్చేవి. ఈ రాతకోతల భాష అక్కడ నేర్చుకున్నాను. తప్పులుంటే ఆ తాతలవి కొన్ని, నావి కొన్ని.

నా బుద్ధి సరిగ్గానే ఉంది. పాడైంది గుండెలో వాల్వు. ఈ నెల 25న, మంగళవారం, రాయపూర్‌లో ఆపరేషన్. ప్రాణానికి హామీ లేదని నాకు చెప్పారు అని రాసి ఉన్న కాగితం మీద నాతో సంతకం చేయించుకున్నారు. చేసి బయటికొచ్చి ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నాను. అప్పుడు తట్టింది. ఆ గుంట ఎవరిదో తెలిసినవాళ్ళం ముగ్గురమే. సోమారు చెప్తే ఎవరూ నమ్మలేదు. షావుకారు చెప్పడు. నేను ఆపరేషన్ బల్ల మీద పోతే నిజం కూడా నాతోనే పోతుంది.

ఇది రాయడానికి నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. బలవంతం మీద పెట్టిన సంతకం ఇంకొకటి ఉంది, దాని సంగతి కింద వస్తుంది. మామూలుగా వీలునామా మనిషి పోయాక విప్పుతారు. దీన్ని నేను ఉండగానే చదవాలి, నలుగురి ముందు చదవాలి. షరతుల్లో మొదటిది ఇదే.

1. నాకున్నవాటిలో అన్నిటికంటే పెద్దది నేను చేసిన తప్పు. దాన్ని ఎవరికీ పంచడం లేదు. కానీ ఎలా జరిగిందో రాసి తీరాలి. షావుకారు గారు వేరేగా చెప్పారు, దాని కింద నేను సంతకం పెట్టాను.

జగర్గుండా ఒకప్పుడు పెద్ద సంత ఊరు. షావుకారు గారి తాత అక్కడ చింతపండు, ఇప్పపువ్వు, ఉప్పు వ్యాపారం చేశాడు. తర్వాత అడవిలో తుపాకుల రోజులొచ్చి ఆ కుటుంబం కొంటకు వచ్చేసింది. ఇల్లు కూలింది. రొమ్మెత్తు ప్రహరీ గోడ మిగిలింది. ఇంటి వెనక దిబ్బలో ఆ ఇంటివాళ్ళు యాభై అరవై ఏళ్ళు పారేసిందంతా ఉంది. దారులు మళ్ళీ తెరుచుకున్నాక షావుకారు గారు నన్ను పిలిచి, "మా తాత పారేసింది నాకు అన్నం పెడతదేమో చూడ్రా" అన్నారు. పట్నాల్లో పాత సీసాలు కొని అద్దాల అల్మారాల్లో పెట్టుకునేవాళ్ళు ఉన్నారు. ఫోనులో ఫొటో పెడితే మాట్లాడతారు.

సీసాలు తవ్వడం నాకు ఎవరూ నేర్పలేదు. సలాకను నేలలో గుచ్చితే చేతికి తెలుస్తుంది. రాయికి టక్కుమంటుంది, పెంకుకి బొద్దుగా మోగుతుంది, గాజుకి సన్నగా కిర్రుమంటుంది. పైన మోకాలి లోతు వరకు ప్లాస్టిక్కు. దాని కింద పెంకులు, బొమికలు, విరిగిన గాజులు. నడుము లోతులో బూడిద పొర తగిలితే గుండె ఆగిపోతుంది. బూడిదలో పడిన సీసా నిన్న కడిగి పెట్టినట్టు ఉంటుంది. సీసా ఒంటి మీది అచ్చు అతుకు గీత మూతి దాకా పోకుండా మెడ దగ్గరే ఆగిపోతే పాతది. గాజులో బుడగలుంటే ఇంకా పాతది. ఇంగ్లీషు అక్షరాలు నేను బళ్ళో కన్నా టానిక్కు సీసాల పొట్టల మీదే ఎక్కువ చదివాను.

సోమారు ఆ ఊరివాడే, నాకన్నా రెండేళ్ళు చిన్న. గోడ అవతలే ఇల్లు. ఒక మనిషి తోడు కావాలంటే వచ్చాడు. ఆ సలాక అతను చేసిందే. ఇనప కడ్డీని సానబట్టి, టేకు పిడి వేసి చేశాడు. తవ్వే ముందు నేల మీద నాలుగు చుక్కలు సారా పోసేవాడు. నేను నవ్వితే, "పాత సీసా తీసుకుంటున్నం గద అన్నా, కొత్త చుక్క ఇయ్యొద్దా?" అనేవాడు. పని అయ్యాక గుంట పూడ్చేవాడు. మట్టి వేయడం, కాలితో తొక్కడం, పక్కన పెట్టిన గడ్డి చెక్కను మళ్ళీ పైన పరచడం. పన్నెండు గుంటలు తవ్వాం. పదకొండు అతను పూడ్చాడు. ఒకటి నేను పూడ్చనివ్వలేదు.

మార్చి 17, సోమవారం. ఇప్పచెట్టు కింద బూడిద తగిలింది. వరసగా ఏడు సీసాలు, పక్కపక్కనే పడుకున్న పిల్లల్లాగా కనపడ్డాయి. అప్పటికే మధ్యాహ్నం మూడు దాటింది. నాలుక్కి ఆఖరి జీపు. చేత్తో మెల్లగా తీయాల్సినవాటిని పారతో పెకలిస్తే పగులుతాయి. సోమారు చెప్పాడు: "ఇది లక్మే అక్కోళ్ళ చెట్టు. ఒకటి రెండు దినాల్ల ఆకులు ఊడ్వనీకొస్తరు. ఈ పొద్దుకు పూడుస్తం, పువ్వు అయినంక మళ్ళ తవ్వుదం."

నేనేమన్నానో కూడా రాయాలి. "గోడ షావుకారుది. గోడ లోపలి చెట్టు మీదెట్లయితది రా?" అన్నాను. అతను అన్నాడు: "గోడ మొన్నటిది అన్నా. చెట్టు మా తాత పుట్టకముందుది. వాళ్ళ అవ్వ అవ్వ కెల్లి వాళ్ళే ఏరుకుంటున్నరు." నేను నవ్వాను. మా కొంట లెక్క వేరు. గోడ కడితే లోపలిదంతా గోడవాడిదే. జగర్గుండాలో చెట్టు ఏ జాగాలో ఉందని చూడరు. తరాలుగా దాని కింద పువ్వు ఎవరు ఏరుకుంటున్నారో చెట్టు వాళ్ళదే, గోడ దూకైనా వస్తారు. ఈ సంగతి సోమారు నాకు చెప్పాడు. తెలియక చేశానని నేను ఎక్కడా అనలేను.

ఫొటో తీసి షావుకారు గారికి పంపాను. ఆయన గొంతు రికార్డు చేసి జవాబు పంపారు: "శభాష్. పూడ్చకు, మళ్ళ తవ్వాల్సొస్తది. ఆకులు కప్పి రా, రోడ్డు పనోళ్ళ కంట్ల పడితే ఒక్కటి మిగలది." ఆయన చెప్పింది నాకు నచ్చింది, అదీ రాస్తున్నాను. సీసాల మీద మళ్ళీ బూడిద కప్పి, గుంట మీద నాలుగు కట్టెలు అడ్డం వేసి, టేకు ఆకులు పరిచి, పైన ఇప్ప ఆకులు చల్లాను. చుట్టుపక్కల నేల ఎలా ఉందో అలాగే కనపడేలా. చాలా బాగా చేశాను. ఆ పని మీద నాకు గర్వం కూడా కలిగింది. ఆ రోజు తవ్వుతుంటే పగిలిన సీసాల మెడలన్నీ చేతికి అడ్డమని గుంట అడుగున ఒక మూలకి విసిరాను. కప్పే ముందు సోమారు సలాక నేనే తీసుకుని గుంటలో పెట్టాను, "ఈడనే ఉండనీ, రేపు నేనే వస్తా, నువ్వు రాకున్నా సరే" అన్నాను. అతను ఆకుల వైపు చూశాడు. తర్వాత తన తువాలు గోడ మీద ఆరవేసి, "గుర్తుకు ఉంటది, ఎవరన్న వస్తే ఆగుతరు" అన్నాడు. ఆ తువాలు గాలికి కింద పడింది.

మంగళవారం పొద్దున షావుకారు గారు జగదల్పూర్‌లో ఒకాయనకు నీలం సీసా ఇచ్చి రమ్మన్నారు. గుంట తెరిచే ఉంది, పోవాలని చెప్పాను. "మన దొడ్లో మన గుంట, ఒక్క దినానికి ఏమైతది?" అన్నారు. జగదల్పూర్ పోయాను. బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది, నిద్రపోయాను.

బుధవారం తెల్లవారగానే లక్మే చీపురుతో గోడ దాటి వచ్చింది. పువ్వు రాలే ముందు చెట్టు కింద ఆకులు ఊడ్చి నేల తేటగా పెట్టుకోవాలి, లేకపోతే పువ్వు ఆకుల్లో కలిసిపోతుంది. నేను కప్పిన ఆకులు ఊడవడానికే ఆమె వచ్చింది.

కుడి చీలమండ విరిగింది. మడమ నరం తెగింది. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తుంది.

ఆ గోడ పక్కనుంచే పోలీసు గస్తీ వెళ్ళే దారి. కప్పిన గుంట, అడుగున గాజుమొనలు, ఒక ఇనప మొన సలాక, ఒక తువాలు. ఆ ప్రాంతంలో అలాంటి గుంట చూస్తే ఎవరైనా ఒకటే అనుకుంటారు: గస్తీవాళ్ళ కోసం అడవిలో అన్నలు పెట్టించిన ఉచ్చు. సలాక ఎవరిదంటే ఊరంతా నిజమే చెప్పింది. సోమారుది. సోమారు నా పేరు చెప్పాడు, షావుకారు గారి పేరు చెప్పాడు. సీసాల కోసం అన్నాడు. పగిలిన సీసాల కోసం ఎవడైనా గుంట తవ్వుతాడా అన్నారట పోలీసులు.

అప్పుడు షావుకారు గారు ఠాణాలో బయాన్, అంటే వాంగ్మూలం, ఇచ్చారు. ఆ దొడ్డిలో తాను ఎవరినీ పనికి పెట్టలేదని, ఆ వారమంతా తన పనివాడు ఉమామహేశ్ కొంట కొట్టు దాటలేదని. కింద నన్ను సంతకం పెట్టమన్నారు. "నీ పేరు చెప్తే గుంట నాదైతది. నాదైతే కొట్టు మూతపడతది, నీ చెల్లె హాస్టల్ చదువు ఎవడు చూస్తడు? వాడు ఊరోడు, రెండు దినాల్ల ఇడిచిపెడతరు" అన్నారు. పెట్టాను. అందంగా పెట్టాను, రద్దీలో చూసి నేర్చుకున్న మెలికల సంతకం.

ఇంకొకటి ఉంది. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఏప్రిల్ చివర, అక్కడ ఎవరూ కాపలా లేరని తెలిశాక, షావుకారు గారూ నేనూ బండిలో వెళ్ళాం. అదే గుంట. ఆమె చీపురు ఇంకా గోడ పక్కనే పడి ఉంది. నేను దిగి, బూడిద తోసి, ఆ ఏడు సీసాలు తీశాను. ఒక్కటి కూడా పగలకుండా తీశాను.

2. ఆ ఏడింటిలో నాలుగు షావుకారు గారు పంపించేశారు. మూడు నా దగ్గర, మంచం కింద సిమెంటు సంచిలో, గడ్డిలో చుట్టి ఉన్నాయి. వాటిని ఎవరికీ ఇవ్వడం లేదు. దేవేంద్ర జిరాక్స్ కొట్టులో ఫొటోలు తీయించి, ఆ సీసాలను కోర్టుకు ఇవ్వాలి. ఎవడైనా సీసాల కోసం గుంట తవ్వుతాడా అని అడిగినవాళ్ళకు అవే జవాబు. సోమవారం నాటి ఫొటో నా ఫోనులో ఉంది. తేదీ, టైము ఉన్నాయి. గుంటలో ఏడు సీసాలు, పక్కన మట్టి మీద నా నీడ, అంచున సోమారు కాళ్ళు. ఫోను కూడా కోర్టుకే. తాళం నాలుగు అంకెలు మా వార్డు ఆరోగ్య కార్యకర్త సుమిత్ర దీదీకి చెప్పాను.

3. మిగతా సీసాలు ముప్పై ఎనిమిది. వేరే గుంటల్లోవి, సోమారు పూడ్చిన గుంటల్లోవి. అన్నీ సోమారువే. సగం అనలేను. దిబ్బలో ఎక్కడ తవ్వాలో చూపించింది అతను, పూడ్చింది అతను, ఇప్పుడు లోపల ఉన్నది అతను. వాటిలో ఒక గోలీ సోడా సీసా ఉంది, గోలీ ఇంకా లోపల కదులుతుంది. అది దొరికిన రోజు జీపు దాకా నాతో వస్తూ సోమారు దారంతా దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తూ నడిచాడు. నాకు ఇవ్వమంటే "నీకు వినపడది అన్నా, నీకు రేటే వినపడతది" అన్నాడు. జీపులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ సీసా అతని చేతికే ఇవ్వాలి, ఇంట్లోవాళ్ళకు ఇస్తే చాలదు.

అతని సలాక కోర్టు సామాన్లలో ఉంది. దాని బదులు కొత్తది నేను చేశాను. టేకు దొరకలేదు, తుమ్మ పిడి వేశాను. అంత బాగా రాలేదు. అదీ అతనికే. నేను ఆపరేషన్ నుంచి లేస్తే నా రెండు చెంపలు కూడా అతనివే. నా గుండెకు మంచిది కాదని ఎవరూ అడ్డం రావద్దు.

4. లక్మేకు ఏమివ్వాలో ఎనిమిది నెలలుగా ఆలోచిస్తున్నాను. సీసా ఇస్తే నా మొహాన కొట్టాలి.

ఆమెను గుంట సంగతి తర్వాత ఒక్కసారే చూశాను, అక్టోబరులో, జగర్గుండా సంతలో. ఆకు దొప్పల్లో ఎండు ఇప్పపువ్వు పెట్టుకుని కూర్చుంది, పక్కన కర్ర. నేను ఇంకో దారి చూసుకుందామనుకున్నాను, కానీ ఎండలో నడిచి ఆయాసం వచ్చి ఆమె ముందే నిలబడిపోయాను. ఆమెకు నేనెవరో తెలియదు. "ఏంది బిడ్డా, ముసలోని లెక్క ఎగపోస్తున్నవ్? రక్తం లేదు నీకు" అంది, సంతలో నేర్చిన తెలుగులో. ఒక గుప్పెడు పువ్వు నా చేతిలో పోసింది. "తిను. నిలబడి తినకు, కూసోని తిను." ఆమె పక్కనే కూర్చుని తిన్నాను. తియ్యగా ఉంది. అంతా తిన్నాను. కూర్చున్నంతసేపూ ఆమె చాచి పెట్టుకున్న కాలు నా మోకాలికి జానెడు దూరంలో ఉంది. లేచి వచ్చేశాను.

అందుకని ఇలా రాస్తున్నాను. నేను బతికితే, ప్రతి ఏడూ పువ్వు రాలే ముందు ఆమె చెట్టు కింద నేల నేను ఊడుస్తాను. ఆమె ఒప్పుకుంటేనే. ఒప్పుకోకపోతే గోడ ఇవతల నిలబడి అడుగుతాను, మరుసటి ఏడు మళ్ళీ అడుగుతాను. నేను పోతే నా సైకిల్ ఆమె కూతురు సుక్కికి, పువ్వు గంపలు సంతకు మోయడానికి. వెనక చక్రం కొత్తది, బ్రేకు నమ్మొద్దు. సైకిల్ ఇచ్చేటప్పుడు ఎవరు ఇచ్చారో, ఎందుకు ఇచ్చారో, గుంట ఎవరిదో, అక్టోబరులో ఆ పువ్వు తిన్నది ఎవరో, అన్నీ ఆమె భాషలో చెప్పాలి. చెప్పే పని ఉంగకు అప్పగిస్తున్నాను. అతనికి గోండీ వచ్చు. చెప్పాక ఆమె సైకిల్ వద్దంటే తెచ్చేయాలి, బతిమాలొద్దు.

5. ఉంగ జీపు నడుపుతాడు. ఆ బుధవారం లక్మేను దోర్నాపాల్ ఆసుపత్రికి మోసుకుపోయింది అతనే. రెండు రోజుల తర్వాత జీపు కడుగుతుంటే వెనక చాపలో గాజు ముక్క ఒకటి దొరికింది. కొంట వచ్చినప్పుడు నాకు ఇచ్చాడు. "నువ్వు సీసాల మనిషివి గదా, ఇది ఏ సీసాదో చెప్పు చూద్దాం" అని ఆట పట్టించాడు. చూడగానే తెలిసింది. టానిక్కు సీసా మెడ, ముదురు గోధుమ రంగు, సోమవారం మధ్యాహ్నం నా పార తగిలి విరిగింది. "ఏమో, తెలియదు" అన్నాను. సీసాల గురించి నేను ఆడిన మొదటి అబద్ధం అదే.

ఉంగకు నా చలి కోటు ఇవ్వాలి. అతనికి కొంచెం బిగుతు, గుండీలు జరిపి కుట్టించుకుంటే సరిపోతుంది. అడిగినప్పుడు చెప్పనందుకు క్షమాపణ కూడా.

6. ఆ గాజు మెడ భీమశంకరం షావుకారు గారికి. వేరే ఏమీ లేదు. రోజూ పొద్దున అగరొత్తి వెలిగించి దణ్ణం పెట్టుకునే గల్లాపెట్టె మీద దాన్ని పెట్టుకోవాలి. కడగలేదు. కడగొద్దు.

షావుకారు గారూ, మీ ఉప్పు తిన్నాను, నిజమే. పదమూడేళ్ళప్పుడు మీరు నాకు చెప్పులు కొనిచ్చారు, ఆ చెప్పుల రంగు కూడా గుర్తుంది. రద్దీ చదువుతుంటే కసరలేదు, "చదవనీ, తూకం తగ్గదు గదా" అన్నారు. అందుకే ఇంతకాలం నోరు మూసుకున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. భయపడి మూసుకున్నాను. మీరూ భయపడ్డారు. కానీ మన ఇద్దరి భయాన్నీ మోస్తున్నది మనకు సంబంధం లేనివాడు. జూలైలో ఒకసారి కొట్టులో మీరు అన్న మాట నాకు నిద్ర పట్టనివ్వదు: "ఊళ్ళోవాళ్ళకు లోపల ఉండడం అలవాటే లేరా." ఎవరికి అలవాటు? మీరు ఒక్క పూట పప్పులో ఉప్పు తక్కువైతే కంచం తోసేస్తారు.

7. మంగాదేవి అమ్మగారికి, అంటే షావుకారు గారి భార్యకు, చిన్న పన్నీరు బుడ్డి. ముప్పై ఎనిమిదిలోంచి ఇది ఒక్కటి సోమారు ముందే ఇచ్చేశాడు. దొరికినరోజే "ఇది ఇంటి ఆడోళ్ళది, వాళ్ళకే ఇయ్యి" అన్నాడు. నేను దాచుకున్నాను. అమ్మగారూ, మీ అత్తగారి పన్నీరు బుడ్డి గురించి మీరు చెప్పేవారు కదా, పొట్ట మీద తామరపువ్వు ఉండేదని. ఉంది. మూత లేదు.

నాకు ఆయాసం మొదలైనప్పటి నుంచి మీరు పొద్దున్నే రాగి అంబలి పంపుతున్నారు. దసరాకు ముందు గ్లాసు చేతికిస్తూ అడిగారు, "ఆ పిల్లడు ఇంకా లోపలే ఉన్నాడా?" అని. నేను అంబలి తాగుతున్నట్టు గ్లాసులో తల పెట్టాను. మీరు ఇంకాసేపు నిలబడి వెళ్ళిపోయారు. మీకు తెలుసు అని నాకు అప్పుడే అర్థమైంది. మీరు ఒక్కసారి ఆయన్ని అడగండి. నన్ను అడిగినట్టు కాదు, జవాబు వచ్చేదాకా నిలబడి అడగండి.

8. నా చెల్లెలు మీనాకు, దంతెవాడ హాస్టల్, పన్నెండో తరగతి: కొట్టుకు రద్దీతో పాటు వచ్చిన సిరా సీసా, నీలం, మూలకు పెన్ను ఆనించుకునే గాడి ఉంది. నా బట్టల పెట్టె. అమ్మ ఫొటో. సీసాలో సిరా పోయకు, మూతి దగ్గర సన్నటి పగులు ఉంది, కారుతుంది. పూలు కూడా పెట్టకు, నాకు నచ్చదు.

మీనా, మీ అన్న ఎలాంటివాడని ఎవరైనా అడిగితే మంచివాడని చెప్పకు. మొదట చేసింది చెప్పు, తర్వాత రాసింది చెప్పు. ఈ వరసలోనే చెప్పు. నీ చదువు కోసం సంతకం పెట్టానని నేను నీతో ఎప్పుడూ అనను. నీకు తెలిసుంటే ఆ సంతకం చింపేసి నన్ను కొట్టేదానివి. షావుకారు గారి సాయం ఆగిపోతే సుమిత్ర దీదీని కలువు. చదువు ఆపకు. నేను ఎనిమిదిలో ఆపాను, చూస్తున్నావుగా.

9. ఈ వీలునామా నడిపించే పని సుమిత్ర దీదీది. ఆమె మా వార్డు మితానిన్, మందుల సంచి భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరుగుతుంది. నా ఆయాసం సీసాల దుమ్ము కాదు, గుండె అని మొదట కనిపెట్టింది ఆమె. జబ్బలు పట్టుకుని ఆసుపత్రికి లాక్కెళ్ళింది కూడా ఆమె. గుంట నాదని నేను చెప్పిన రోజు ఆమె తిట్టలేదు. సంచి కింద పెట్టి, "ఠాణాకు పోయినవా?" అని అడిగింది. రెండుసార్లు గేటు దాకా వెళ్ళి, ఎదురుగా చాయ్ తాగి వచ్చేశానని చెప్పాను. "మూడోసారి నేనొస్తా. చాయ్ నేను తాగుత, నువ్వు లోపలికి పో" అంది. ఆమెకు ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. దీదీ, నా ఆపరేషన్ కాగితాలన్నీ నీ దగ్గరే ఉండనీ. నన్ను లోపల కూర్చోబెడితే మంగళవారం తేదీ పోతుంది. పోతే పోనీ. నువ్వు ఏడవకు, డాక్టర్లతో కూడా తగవు పెట్టుకోకు.

10. నేను పోతే ఖర్మకాండ పెద్దగా వద్దు. శబరి ఒడ్డున చాలు. ఎవరూ నా పేరున అన్నాలు పెట్టొద్దు. కానీ ఆ గుంట ఇంకా తెరిచే ఉంది. ఏప్రిల్‌లో మేం సీసాలు తీసుకుని అలాగే వచ్చేశాం. చావైనా బతుకైనా, శుక్రవారం దంతెవాడ నుంచి తిరిగి వచ్చే దారిలో నేను లేదా నా తరపున ఉంగ దాన్ని పూడ్చాలి. అడుగున మెడలన్నీ ఏరి తీశాకే మట్టి వేయాలి. కాలితో తొక్కి, పైన గడ్డి చెక్క పరచాలి. మొదట నాలుగు చుక్కలు సారా పోయాలి. సోమారు చేసినట్టే చేయాలి.

11. ఆఖరిది, షావుకారు గారికి.

శుక్రవారం, 21వ తేదీన, దంతెవాడ కోర్టులో సోమారుకు పేషీ, అంటే వాయిదా, ఉంది. నేను వెళ్తాను, మీరు వచ్చినా రాకపోయినా. గుంట నాదని చెప్తాను. కానీ నా మాటకు మీ బయాన్ అడ్డంగా ఉంది. మార్చిలో ఆ వారమంతా ఉమామహేశ్ కొంట దాటలేదని అందులో ఉంది, కింద నా సంతకమే ఉంది. నేను ఆ రోజు అబద్ధం చెప్పానా, ఈ రోజు చెప్తున్నానా అని అడుగుతారు. రెండు మాటలూ ఒకే చేతి రాత. అది విప్పగలిగింది మీరొక్కరే.

అందుకని మీరు రావాలి. వచ్చి మూడు మాటలు చెప్పాలి: ఆ దొడ్డి మీది. ఉమామహేశ్ మీ మాట మీదే తవ్వాడు. మార్చి 17న మీరే ఆకులు కప్పమన్నారు. నా ఫోనులో ఆ గొంతు నేనే చెరిపేశాను, మీరు చెరపమన్నారు కాబట్టి. మీరు దాన్ని పంపిన మీ సొంత ఫోనులో అది ఇంకా ఉంది, మీకు చెరపడం రాదని నాకు తెలుసు. ఆ ఫోను తీసుకుని రండి. దాంతోపాటు ఆ ఇప్పచెట్టు లక్మే వాళ్ళదని ఒక కాగితం రాసి తేవాలి. గోడ మీ పేరునే ఉంచుకోండి, అందులో మనిషి దూరేంత దారి తీయండి.

కొంట, 14 నవంబర్ 2025, శుక్రవారం. దేవేంద్ర జిరాక్స్ కొట్టులో కూర్చుని నా చేత్తో రాశాను, బిగ్గరగా చదివి వినిపించాను. నాలుగు ప్రతులు: సోమారు వకీలుకు, సుమిత్ర దీదీకి, మీనాకు, షావుకారు గారికి.

ఉమామహేశ్
(మెలికలు లేకుండా)

సాక్షులు:
1. ఉంగ, జీపు డ్రైవరు. విన్నాను. సీసా మెడ సంగతి ఇప్పుడే తెలిసింది. కోటు నాకు వద్దు. గుంట పూడ్చడానికి వస్తా.
2. దేవేంద్ర, జిరాక్స్ కొట్టు, కొంట. నా ముందే రాశాడు, మధ్యలో రెండుసార్లు ఆగాడు, ఎవరూ చెప్పి రాయించలేదు.

షావుకారు గారి ప్రతిలో మాత్రం ఈ కింది గీత ఉంటుంది. వస్తున్నారో లేదో దాని మీద ఒక్క మాట రాసి, గురువారం, నవంబర్ 20, సాయంత్రం ఐదింటిలోపు సుమిత్ర దీదీ చేతికి ఇవ్వాలి. ఐదు దాటితే ఖాళీ గీతనే మీ జవాబుగా కోర్టులో ఇస్తాను.

భీమశంకరం: ______________________